కాజాలమ్మ పలకని పూట

ఆ ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టు మిషను, దాని పక్కన కుట్టాల్సిన చొక్కాల గుట్ట. లోపలి గదిలో మంచం, మంచం మీద అత్తగారు. రెండు గదులకీ మధ్య తలుపు లేదు, ఒక నీలం పరదా వేలాడుతుంటుంది. పరదా చూపుకి అడ్డం గానీ మాటకి అడ్డం కాదు. ముందు గదిలో కత్తెర కింద పడ్డా లోపలికి వినిపిస్తుంది, లోపల మంచం కిర్రుమన్నా ముందు గదిలోకి వినిపిస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. కథంతా ఆ పరదా దగ్గరే ఉంది.

మిషను తొక్కేది కోడలు. వీధిలో అందరూ ఆమెని కాజాలమ్మ అంటారు. నిజానికి ఆ పేరు అత్తగారిది. చొక్కాకి గుండీ దూరే కన్నం ఉంటుందే, అదే కాజా. బట్టని కత్తెర మొనతో చీల్చి, చీలిన అంచు పీచు లేవకుండా చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ రావాలి. చూస్తే చిటికెడు పని, చేస్తే వెన్ను విరుగుతుంది. అత్తగారు వేసిన కాజా, చొక్కా చిరిగి మసిగుడ్డ అయ్యాక కూడా చెక్కు చెదిరేది కాదు. కోట్లు కుట్టే పెద్ద టైలర్లు సైతం ఆమె గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు.

కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఆ పిల్ల వేసిన కాజాలన్నీ అత్తగారు బ్లేడుతో విప్పేసేది.

"ఇది కాజానా, ఎలక కొరికిందా? ఇందులో గుండీ దూరాలా, నీ మొగుడి తలకాయ దూరాలా?"

కోడలు ఏడ్చేది, ముక్కు చీదుకునేది, మళ్లీ కుట్టేది. అలా ఏడుస్తూ ఏడుస్తూ పని నేర్చుకుంది. కొన్నాళ్లకి అత్తగారు ఒక కాజాని వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టింది. ఆమె నోటి నుంచి తిట్టు రాలేదంటే సన్మానం జరిగినట్టే. అప్పట్నించీ పేరు కూడా కోడలికే వచ్చేసింది. "నగలూ నట్రా ఏమీ లేవు నీకివ్వడానికి. పేరుంది, తీసుకో" అంది అత్తగారు.

ఆమె ఇంకొకటి కూడా నేర్పింది. చర్చిలో పెద్దవాళ్లు లేచి "మహోన్నతుడవును సర్వశక్తుడవును అగు" అంటూ ప్రార్థన మొదలుపెడితే కోడలికి గుండె జారిపోయేది. ఆ మాటలు తనకి నోరు తిరగవు, నోరు తిరగనివాళ్ల మాట దేవుడు వింటాడో లేదో. ఒకరోజు అత్తగారితో అనేసింది.

"ఓసి పిచ్చి మొహమా! పక్క గదిలో మనిషున్నాడనుకో. మధ్యలో పరదా ఉంది, అంతే. కేకెయ్యి. 'అయ్యా, ఉన్నావా' అను. ఉంటాడు."

"ఆయన్ని పట్టుకుని 'నువ్వు' అనొచ్చా అత్తయ్యా?"

"ఆయన్ని 'నువ్వు' అనొచ్చు. నన్ను మాత్రం 'మీరు' అనాలి."

అప్పట్నించీ కోడలు మిషను తొక్కుతూనే ఆయనతో మాట్లాడేది. అయ్యా, ఉన్నావా, ఈ దారం ఇలా తెగుతోందేంటి? అయ్యా, ఈ టైలరు నాలుకకి కూడా ఒక గుండీ కుట్టకూడదా? ఎవరి గొంతూ వినపడేది కాదు. కానీ పిల్లలకి కథ చెప్తున్నప్పుడు చీకట్లో ఎవరో ఊఁ కొడుతుంటే మనకి ఎలా ఉంటుంది? అలా ఉండేది. అవతల ఊఁ కొట్టేవాడున్నాడు, అది చాలు. మనిషి ఎంత దూరమైనా చెప్పుకుంటూ పోవచ్చు.

కాలం గడిచింది. అత్తగారి బుర్రలో కుట్లు ఒక్కొక్కటే ఊడటం మొదలైంది. ముందు ఉప్పు డబ్బా మర్చిపోయింది, తర్వాత వీధి మర్చిపోయింది, తర్వాత కొడుకుని చూసి "నువ్వెవరబ్బాయ్, బస్సులు బాగుచేసేవాడివా?" అంది. వాడు నిజంగానే బస్సు డిపోలో బ్రేకులు బిగించే మేస్త్రీ, కాబట్టి "అవునమ్మా" అని ఊరుకున్నాడు. తిన్న పూట తిన్నట్టు గుర్తుండేది కాదు. చేతులు మాత్రం ఏదీ మర్చిపోలేదు. ఒక గుడ్డ ముక్క చీల్చి, సూదిలో దారం ఎక్కించి ఇస్తే చాలు, కళ్లు ఎటో చూస్తుంటాయి, వేళ్లు కాజా వేసేస్తుంటాయి. ఇంట్లో పాత దుప్పట్లకీ తువ్వాళ్లకీ, చివరికి మసిగుడ్డలకీ కాజాలే. "మా ఇంట్లో గుండీలే తక్కువ" అనేవాడు కొడుకు.

పని చేస్తూ చేస్తూ ఆవిడ ఒక కేక వేసేది.

"ఎవరక్కడ?"

"నేనే అత్తయ్యా, ఉన్నా."

"సరే."

అంతే. ఏమీ అక్కర్లేదు ఆవిడకి. నీళ్లొద్దు, దుప్పటొద్దు. ఎవరో ఉన్నారని తెలిస్తే చాలు. కాసేపటికి మళ్లీ, "ఎవరక్కడ?" మళ్లీ, "నేనే అత్తయ్యా, ఉన్నా." పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఇదే వరస. కోడలు దారం నోట్లో పెట్టుకుని కూడా పలికేది, నిద్రలో కూడా పలికేది. ఒకసారి చర్చిలో పాస్టరయ్యగారు "ఎవరున్నారు మనకి?" అని గట్టిగా అడిగితే అలవాటుకొద్దీ "నేనే, ఉన్నా" అనేసింది. చర్చి చర్చంతా ఘొల్లుమంది.

ఇక ఆ రోజు సంగతి.

బళ్లు తెరిచే రోజులు. యూనిఫాం చొక్కాలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. పొద్దున్నే పక్కింటావిడ జిప్పు మార్పించుకోడానికి వచ్చింది. లోపల్నించి అత్తగారు ఆమె గొంతు విని, పరదా సందులోంచి తల బయటపెట్టి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"చూడు తల్లీ, నా కోడలు నాకు అన్నం పెట్టి ఎన్నాళ్లయిందో. ఆకలితో పోతున్నా."

అప్పుడే తిని కడుక్కున్న చెయ్యి ఇంకా తడారలేదు. మూతికి మెతుకు కూడా ఉంది. పక్కింటావిడ ఆ మెతుకు చూడలేదు, కోడల్ని చూసింది. "పెద్దావిడ కదమ్మా, కాస్త కనిపెట్టుకుని ఉండు" అని మెత్తగా చెప్పి, జిప్పు పట్టుకుని వెళ్లిపోయింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఇలా మెత్తగా గుచ్చితే ఏం చేస్తాం? ఆ మాట విరిగిన సూది మొనలా కోడలి లోపలెక్కడో ఉండిపోయింది. కాలర్లు కుడుతున్నా అదే, అంచులు మడుస్తున్నా అదే.

మధ్యాహ్నం లోపల్నించి కేక.

"ఎవరక్కడ?"

మాట పెదాల దాకా వచ్చింది. కోడలు దాన్ని దారంతో పాటు పళ్ల మధ్య పెట్టి కొరికేసింది.

"ఎవరక్కడ?"

అన్నం పెట్టనిదాన్ని కదా, పెట్టేవాళ్లే పలుకుతారులే అనుకుంది. మిషను తొక్కింది.

"ఎవరూ లేరా?"

ఇంకా గట్టిగా తొక్కింది. చక్రం గిర్రున తిరిగింది, గది గడగడలాడింది. చొక్కా కుట్టు కోసం కాదు ఆ తొక్కుడు. ఆ గొంతు మునిగిపోవాలని. మిషను చప్పుడులో కేక మునిగిపోయింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు మాత్రం మునగలేదు.

పరుగెత్తి చూస్తే అత్తగారు పరదా కాళ్లకి చుట్టుకుని గడప మీద పడి ఉంది. ఎవరున్నారో చూద్దామని లేచి వచ్చింది. కుడి చెయ్యి ఒంటి కింద మడతపడిపోయింది. నొప్పికి కళ్లు తిరుగుతున్నా, పైకి చూసి అన్న మాట ఏంటో తెలుసా?

"ఓహో, ఉన్నావా. లేవేమోననుకున్నా."

ఆసుపత్రిలో ఫోటో తీసి, మణికట్టు విరిగిందని చెప్పి, అరచేతి నుంచి మోచేతి దాకా తెల్లటి కట్టు వేశారు. డిపో నుంచి కొడుకు ఆ గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. "నువ్వెక్కడున్నావ్ అప్పుడు?" అని అడిగాడు. తప్పు పట్టాలని కాదు, ఊరికే అడిగాడు.

"పంపు దగ్గర. నీళ్లు పడుతున్నా. వినపడలేదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ముడి పడకుండా దారం జారినట్టు.

మొగుడి అక్క, అంటే వదినగారు, ఆ సాయంత్రమే దిగింది. ఆవిడని ఇంట్లో చాటుగా తనిఖీ వదిన అంటారు. వస్తే మంచం కోళ్ల మీద వేలు పెట్టి దుమ్ము చూస్తుంది, తల్లి గోళ్లు చూస్తుంది, దిండు వాసన చూస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క మంచి మాట అనలేదు. ఆ రోజు మాత్రం ఆసుపత్రి వరండాలో నలుగురి ముందూ మరదలి భుజం మీద చెయ్యేసింది.

"నా మరదలు కాబట్టి చేస్తోందమ్మా. ఇంకెవరైనా అయితే ఎప్పుడో చేతులెత్తేసేవాళ్లు. నీళ్లకెళ్లినప్పుడు పడితే పాపం దానిదేం తప్పు?"

కోడలికి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఎన్నేళ్లుగానో చెవులొగ్గి కాచుకున్న మెప్పు. తీరా వచ్చేసరికి దొంగసొమ్ములా ఉంది.

మామూలు ఇళ్లలో ఒక అబద్ధం ఒకసారి చెప్తే సరిపోతుంది. ఈ ఇంట్లో అలా కాదు. మర్నాడు పొద్దున్నే అత్తగారు కట్టు వైపు చూసి కంగారుపడింది.

"నా చెయ్యికేమైందే? ఈ సున్నం ఏంటి?"

"పడ్డారు అత్తయ్యా."

"నేనా? ఎప్పుడు? నువ్వెక్కడున్నావ్?"

"నీళ్లకెళ్లా."

"అయ్యో పాపం."

మధ్యాహ్నానికి అదంతా తుడిచిపెట్టుకుపోయింది. "నా చెయ్యికేమైందే?" మళ్లీ అదే అబద్ధం. సాయంత్రం మళ్లీ. అన్నంతో పాటు అబద్ధం కూడా మూడు పూటలా వేడిగా వండి పెట్టాల్సి వచ్చింది. వండిన ప్రతిసారీ అత్తగారు "అయ్యో పాపం" అనేది. తన చెయ్యి చూసుకుని కాదు, బరువు బిందెలు మోసుకొచ్చే కోడల్ని తల్చుకుని.

పైగా ఆ చేతికి సూది పట్టే వీల్లేదు. ఎడమ చేత్తో దుప్పటి అంచు తడుముకుంటూ, ఏదో పోగొట్టుకున్నదానిలా కూర్చునేది. ఆవిడకి మిగిలింది ఆ ఒక్కటే. అదీ పోయింది. డాక్టరు "చూద్దాం, ముసలి ఎముక" అన్నాడు.

కోడలు ఇప్పుడు ఒక్క కేకకి రెండుసార్లు పలుకుతోంది. "ఎవరక్క" అనేలోపే "ఉన్నా ఉన్నా" అని పరుగెడుతోంది. పలికేది అటు. దేవుడి వైపు మాత్రం నోరు పెగలట్లేదు. దారం తెగితే అలవాటుగా "అయ్యా" అనబోయేది, ఆగిపోయేది. పిలిచిన మనిషికి నేను పలకలేదు. నేను పిలిస్తే ఆయనెందుకు పలుకుతాడు? పలకకపోవడమే న్యాయం. అవతల ఊఁ కొట్టేవాడు లేచి వెళ్లిపోయాడనే అనుకుంది. మిషను చప్పుడు ఒట్టి చప్పుడైపోయింది.

చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచే వేళకి, తప్పు దాచుకుని ఆ రొట్టె ముట్టకూడదని, మెల్లగా లేచి బయటికొచ్చేసేది. ఎక్కడికి? చర్చి వెనక పంపు దగ్గరికి. అక్కడ నిలబడి ఖాళీ సీసా నింపి, పారబోసి, మళ్లీ నింపేది. అబద్ధంలో ఎక్కడున్నానని చెప్పిందో, నిజంగానే అక్కడికెళ్లి నిలబడింది చూడండి మనిషి!

ఒక మధ్యాహ్నం మిషను బెల్టు ఊడింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నెత్తి మీద ఫ్యాను కూడా తిరగట్లేదు. కోడలు బెల్టు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. ఆపుకుందామన్నా ఆగకుండా నోట్లోంచి పైకే వచ్చేసింది.

"అయ్యా, ఉన్నావా?"

"ఉన్నానే!" అని లోపల్నించి కేక. "ఎక్కడికి పోతాను!"

కోడలి చేతిలో బెల్టు జారిపోయింది.

"ఏమే, ఉన్నావా ఏంటి ఉన్నావా? నీ మొగుణ్ని పిలిచినట్టు! అత్తని 'నువ్వు' అనేంత దానివయ్యావా?"

కోడలికి నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఏడుపు ముంచుకొచ్చింది. పరదా తోసుకుని వెళ్లి మంచం పక్కన కూలబడింది.

"మిమ్మల్ని కాదు అత్తయ్యా. ఆయన్ని పిలిచా."

"ఆయన్నా? పలకలేదా?"

"పలకలేదు."

"అదేంటే, నేను పలికానుగా" అంది అత్తగారు, ఇందులో అంత ఏడవాల్సిందేముందన్నట్టు. తర్వాత కట్టు చూసుకుంది. "నా చెయ్యికేమైందే?"

ఈసారి అబద్ధం నోటికి రాలేదు.

"నా వల్ల అత్తయ్యా. మీరు పిలిచారు, నేను విన్నా. విని కూడా పలకలేదు. నన్ను వెతుక్కుంటూ వచ్చి పడ్డారు."

"వినీ పలకలేదా? ఎందుకే?"

"కోపమొచ్చింది. నేను అన్నం పెట్టట్లేదని పక్కింటావిడతో చెప్పారు."

"మరి పెట్టావా?"

"పెట్టా అత్తయ్యా."

"అయితే నేనూ అబద్ధం చెప్పాను, నువ్వూ దొంగ చెవుడు నటించావు. సరిపోయిందిలే. పోన్లే." అత్తగారు ఎడమ చెయ్యి కోడలి తల మీద పెట్టింది. ఆ చెయ్యి బరువు ఎంతో లేదు గానీ, కోడలి మెడ మీద నుంచి గుండ్రాయి దింపినట్టయింది.

ఆ తేలిక సాయంత్రం టీ వేళ దాకా ఉంది.

"నా చెయ్యికేమైందే?"

మొత్తం పోయింది! క్షమించిన మనిషికే క్షమించిన సంగతి గుర్తు లేదు. కోడలు మళ్లీ మొదట్నించీ చెప్పింది. ఈసారి అత్తగారు టీ గ్లాసు విసిరికొట్టింది.

"దొంగమొహమా! వినీ ఊరుకున్నావా? పో, నా కళ్ల ముందు నుంచి పో!"

మర్నాడు పొద్దున చెప్తే నవ్వింది, మధ్యాహ్నం చెప్తే ఏడ్చింది, రాత్రి చెప్తే "పోన్లే" అంది. ఒక పూట పోన్లే, ఒక పూట పో. కోడలికి పిచ్చెత్తినంత పనైంది. తనది ఒకటే తప్పు, తీర్పు మాత్రం పూటకొకటి. పోన్లే అన్న పూట కూడా గుండె పూర్తిగా నమ్మట్లేదు. వచ్చే పూట ఏమంటుందో!

ఆ ఆదివారం రొట్టె పంచే వేళకి మళ్లీ పంపు దగ్గరికి చేరింది. ఈసారి వెనకే అడుగుల చప్పుడు. పాస్టరమ్మగారు. భారీ మనిషి, నడిస్తే ఆయాసం. పాస్టరయ్యగారు వాక్యం చెప్పేటప్పుడు చేతులు విసిరి గుండీలు తెంపుకుంటాడు కాబట్టి, వారం వారం చొక్కాలు పట్టుకుని కాజాలమ్మ ఇంటికి వస్తుంటుంది.

"ఏంటమ్మా, రొట్టె వేళకే నీకు దాహమేస్తుందేంటి? చాన్నాళ్లుగా చూస్తున్నా. ఆ సీసాకి చిల్లుందా?"

కోడలు తల దించుకునే మొత్తం చెప్పేసింది. మిషను సంగతి, పంపు అబద్ధం, తనిఖీ వదిన మెప్పు, పోన్లే సంగతి, పో సంగతి, అన్నీ. పాస్టరమ్మగారు పంపు గట్టు మీద చతికిలబడి విన్నది. మధ్యలో ఆపలేదు, ఊఁ కొడుతూ విన్నది.

"నాకు మా ఆయనంత వాక్యం రాదమ్మా. ఒక్కటి అడుగుతా చెప్పు. ఆ రోజు ఆ గదిలో ఆయన ఉన్నాడా లేడా?"

"ఉన్నాడు."

"నీ మిషను చప్పుడుకి ఆయనకి వినపడి ఉండదంటావా?"

కోడలు సీసాలో నీళ్లు పారబోసింది.

"అన్నీ విన్నాడు. ఆవిడ కేకా విన్నాడు, నీ కడుపులో మంటా విన్నాడు, ఆ పక్కింటావిడ పుల్లవిరుపు మాటా విన్నాడు. మీ అత్తగారు పాపం మర్చిపోయి పోన్లే అంటోంది, మళ్లీ తెలిసేసరికి మంట పుడుతోంది. ఆయనకి ఇక కొత్తగా తెలియాల్సిందేముంది, మాట మార్చుకోడానికి? అంతా తెలిసే పోన్లే అన్నాడు. అదీ ఊరికే కూర్చుని అన్నాడా? సిలువ మీద, చేతుల్లో మేకులు దిగుతుంటే అన్నాడు. చెయ్యి విరిగిన నొప్పి ఆయనకి నువ్వు చెప్పాలా?"

పంపులోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. పాస్టరమ్మగారు వంగి కట్టేసింది.

"నీ తప్పు ఆయన ఎప్పుడో కడుపులో పెట్టుకున్నాడు. నువ్వే ఇంకా చంకలో పెట్టుకుని తిరుగుతున్నావు. పద లోపలికి. అక్కడ మా ఆయన చివరి వరసకి వచ్చేసుంటాడు."

"ఇంట్లో వాళ్లకి చెప్పలేదమ్మా ఇంకా."

"తిన్నాక చెప్దువుగాని. ఆకలి కడుపుతో అంత పని చెయ్యలేవు."

ఆ రొట్టె ముక్క చిన్నది, ఎండిపోయింది, గొంతులో కాస్త అడ్డం పడింది కూడా. కోడలు కళ్లు మూసుకుని మింగింది. ఏ గొంతూ వినపడలేదు. కానీ ఆ పాత సంగతి, అవతల ఎవరో ఉన్నారన్న ఆ సంగతి, మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. ఎక్కడికీ వెళ్లి వచ్చినట్టు లేదు. ఇన్నాళ్లూ ఇక్కడే ఉండి, నువ్వు మిషను ఎప్పుడాపుతావా అని చూస్తున్నానన్నట్టుంది.

సాయంత్రం తనిఖీ వదిన వచ్చింది. మంచం కోళ్లు చూసింది, దిండు వాసన చూసింది. "నా మరదలు" అని మొదలుపెట్టబోయింది.

"వదినా, ఆ మాట అనకండి. ఏమండీ, మీరూ వినండి. ఆ రోజు నేను పంపు దగ్గర లేను. ఇక్కడే, ఈ మిషను ముందే ఉన్నా. అత్తయ్య పిలిచింది. విన్నా. కావాలనే పలకలేదు."

మొగుడు చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వదినగారు మాత్రం లేచి నిలబడింది.

"ఏంటీ! మా అమ్మ చెయ్యి విరగ్గొట్టి, నా చేత పొగిడించుకున్నావా? ఆసుపత్రి వరండాలో! నలుగురి ముందు! నా జన్మలో ఒకర్ని మెచ్చుకుంటే అదీ ఇలాగే ఏడవాలా? ఒరేయ్ తమ్ముడూ, నోరు లేదా నీకు? మాట్లాడవేం?"

"నువ్వు సందిస్తే కదక్కా."

"ఎవరక్కడ?" అని లోపల్నించి కేక.

కోడలికి మాట నోటిదాకా వచ్చింది, కానీ ఆపుకుంది. ఈసారి కోపంతో కాదు. "మీరు పలకండి వదినా. మీ అమ్మ కదా" అంది.

వదినగారు పరదా పక్కకి లాగి వెళ్లింది. "నేనే అమ్మా."

"నేనే అంటే ఎవరు?"

"నీ కూతుర్ని."

"కూతురా! అదెందుకొస్తుంది? దానికి ఫోన్ చేస్తే ఎత్తదు. మోగీ మోగీ ఆగిపోతుంది. నువ్వెవరో చెప్పు."

రోజుకి అన్నిసార్లు మోగితే ఎవరు మాత్రం ఎత్తుతారు? తన ఇంట్లో ఫోన్ని దిండు కింద తోసేసేది వదినగారు. ఆ దిండు ఇక్కడి దిండు కాదు కాబట్టి దాని వాసన ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు.

"ఇకనించీ ఎత్తుతానమ్మా" అంది.

"పోన్లే" అంది అత్తగారు.

వదినగారు కొంగుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చింది. మరదలి ఎదురుగా నిలబడింది. "నీ మీద కోపం పోలేదు నాకు. రేపటికి పోతుందేమో చూద్దాం. ముందు టీ పెట్టు. చక్కెర తక్కువెయ్యి, ఇప్పటికే వెగటుగా ఉంది."

మొగుడు ఏమన్నాడంటారా? పది మాటలు అడిగితే ఒక మాట అనే మనిషి. లేచి స్టూలు తెచ్చుకున్నాడు, ఎక్కాడు, పరదా తాడు విప్పాడు. నీలం పరదా మడతలు మడతలుగా కింద పడింది. దాన్ని చుట్టి అటక మీదికి విసిరాడు. తర్వాత మిషనుని, లోపలి మంచం కనపడేలా, కిటికీ వైపు నుంచి ఇటు తిప్పాడు.

"వెలుతురు వెనక నించి వస్తుంది. పర్లేదా?" అన్నాడు.

"పర్లేదండీ" అంది కోడలు. ఆ రెండు మాటల్లోనే వాళ్ల మధ్య జరగాల్సిందంతా జరిగిపోయింది.

కొన్నాళ్లకి కట్టు విప్పారు. లోపలి చెయ్యి సన్నగా, పాలిపోయి, కడిగిన గుడ్డలా ఉంది. కోడలు గుడ్డ ముక్క చీల్చి, లావు సూదిలో దారం ఎక్కించి, ఊపిరి బిగబట్టి ఆ చేతిలో పెట్టింది. వేళ్లు వణికాయి, ఆగాయి, ఒక ముడి వేశాయి. పక్కన ఇంకొకటి. కాజా పూర్తయ్యేసరికి చాలాసేపు పట్టింది. అత్తగారు దాన్ని వెలుతురుకెత్తి చూసింది.

"ఇదెవరు వేశారే? ఎలక కొరికిందా?"

"మీరే అత్తయ్యా."

"నేనా?" ఇంకోసారి తిప్పి చూసింది. "పోన్లే. ఇంకో ముక్క ఇటివ్వు."

కోడలు కన్నీళ్లు కనపడకుండా మిషను మీదికి వంగింది. ఇప్పుడా మిషను చప్పుడులో మళ్లీ మాటలున్నాయి. అయ్యా, ఆ వేళ్లు చూశావా? అయ్యా, ఈ చొక్కాలకి సంచి సరిపోతుందంటావా? చెప్పుకుంటూ చెప్పుకుంటూ, ఉందని తెలిసినా జేబు తడిమి చూసుకున్నట్టు, ఊరికే ఒకసారి పైకే అడిగింది.

"అయ్యా, ఉన్నావా?"

ఎదురుగా మంచం మీద నుంచి, సూది నుంచి కళ్లెత్తకుండానే, ముసలి గొంతు కసురుకుంది.

"ఉన్నానే! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? 'మీరు' అను!"